అరవై పాళ్లు కదలికకు, నలభై పాళ్లు వెచ్చదనానికి

జూలై నెల మధ్యాహ్నం, ఇంగ్లండు దక్షిణ తీరంలోని ఒక రేవులో, ఒంటి మీది చొక్కా కూడా బరువనిపించే ఎండలో, డీజిల్ పంపు దగ్గర నిలబడిన కుర్రవాడు మా పడవ యజమానిని అడిగిన ప్రశ్న నా చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది: "అరవై నలభయ్యేనా అండీ?" మా యజమాని కూరగాయల కొట్టువాడు పొరపాటున ఎక్కువ చిల్లర ఇస్తే వెనక్కి నడిచి వెళ్లి ఇచ్చి వచ్చే మనిషి. ఆయన రెప్ప వేయకుండా "అవును" అని కాగితం మీద సంతకం చేశారు. ట్యాంకులో పడిన 80 లీటర్ల డీజిల్‌లో 48 లీటర్లు పడవను నడపడానికని, మిగిలిన 32 లీటర్లు పడవలో చలి కాచుకోవడానికని ఆ సంతకానికి అర్థం.

ఆ పడవలో హీటరు లేదు.

దీన్ని విని నవ్వే తొందరపాటు మనుషులు ఈ ఏర్పాటు వెనకున్న రాజనీతిని తెలుసుకోవాలి. వ్యవసాయం వంటి పనుల కోసం తక్కువ సుంకంతో అమ్మే డీజిల్‌లో బ్రిటన్ ఎర్ర రంగు కలుపుతుంది. పొలంలో ట్రాక్టరు తాగవలసిన సరుకు రోడ్డెక్కి కారులో దొరికితే రంగే సాక్ష్యం చెబుతుంది. రేషన్ డీలరు కొట్టు ముందు డబ్బా పట్టుకుని నిలబడిన తెలుగువాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు, ఎందుకంటే మన నీలం రంగు కిరసనాయిలు కూడా ఇదే తర్కంతో పుట్టింది. మనవాళ్లు నీలాన్ని ఎంచుకున్నారు, వాళ్లు ఎరుపును ఎంచుకున్నారు. రంగు విరగ్గొట్టే విద్య మాత్రం రెండు చోట్లా దొంగలకు త్వరగానే పట్టుబడింది. విహారానికి వాడే సొంత పడవలకు కూడా ఈ ఎర్ర డీజిల్ చాలాకాలం చవగ్గానే దొరికేది. సొంత విహార పడవను నడిపే ఇంధనానికి పూర్తి సుంకం పడాలని ఐరోపా సమాఖ్య 2003 నాటి చట్టంలో రాసుకున్నందువల్ల, 2008 నవంబరు నుంచి బ్రిటన్ కూడా దారికి వచ్చి, పడవ కదలడానికి వాడే డీజిల్‌కు పూర్తి సుంకమూ, పడవలో వెచ్చదనానికి వాడే డీజిల్‌కు తగ్గింపు సుంకమూ అని విడదీసింది. విడదీయడం కాగితం మీద జరిగింది. ట్యాంకు ఒకటే, గొట్టం ఒకటే, డీజిల్ ఒకటే, ఎరుపు ఒకటే.

పాలనూ నీళ్లనూ వేరు చేయగల హంస గురించి మన పెద్దలు పద్యాలు చెప్పుకుని మురిసిపోయారు గాని, ఆ హంసకు కనీసం రెండు వేర్వేరు పదార్థాలు అందాయన్న సంగతి మరిచిపోయారు. బ్రిటిష్ పడవవాడు ఆ హంసను మించినవాడు. ఒకే ట్యాంకులోని ఒకే ద్రవాన్ని చూసి, ఇందులో ఈ చుక్క కదలిక, ఈ చుక్క వెచ్చదనం అని సంతకం పెట్టి చెప్పగలడు. అరవైకి నలభై అనే నిష్పత్తిని పన్ను శాఖ మామూలు వాడకంగా ఒప్పుకుంటుంది కనుక, తీరమంతటా, చలికాలం నాలుగు నెలలూ పడవలోనే కాపురముండేవాడి దగ్గర నుంచి ఆగస్టులో ఒక్క ఆదివారం తెరచాప విప్పేవాడి దాకా, అందరి చలీ సరిగ్గా నలభై శాతమే. దేవుడు ఎండను పంచడంలో పక్షపాతం చూపాడేమో గాని, ఈ శాఖ చలిని పంచడంలో చూపలేదు.

ఈ మహా తత్వశాస్త్రం వల్ల మా యజమానికి మిగిలినదెంతో లెక్క కట్టాను. 2022 మార్చి నుంచి అమలైన రేట్ల ప్రకారం మామూలు డీజిల్ మీద సుంకం లీటరుకు 52.95 పెన్నీలు, ఎర్ర డీజిల్ మీద 10.18 పెన్నీలు. తేడా 42.77 పెన్నీలు. 32 లీటర్ల వెచ్చదనానికి, వ్యాట్ సంగతి పక్కన పెడితే, 13 పౌండ్ల 69 పెన్నీలు. ఒక నిజాయితీపరుణ్ణి అబద్ధికుణ్ణి చేయడానికి ఇంతకన్నా తక్కువ ఖర్చుతో పని ముగించిన ప్రభుత్వం ప్రపంచంలో మరొకటి ఉండకపోవచ్చు.

అయితే ఐరోపావారికి కోపం తెప్పించింది ఈ పదమూడు పౌండ్లు కాదు, రంగు. సుంకం కట్టావా లేదా అన్నది వారికి రెండో ప్రశ్న. గుర్తు వేసిన డీజిల్ విహార పడవ ఇంజనులోకి ఎలా వచ్చిందన్నదే మొదటిది. 2018 అక్టోబరు 17న ఐరోపా సమాఖ్య న్యాయస్థానం ఈ విషయంలో బ్రిటన్‌దే తప్పని తీర్పు చెప్పింది. బ్రిటన్ ఆ తీర్పును గౌరవించడానికి సమాఖ్యను వదిలి వెళ్లిపోయింది. (మరికొన్ని చిన్న కారణాలు కూడా ఉన్నాయంటారు.) ఇప్పుడు ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సు రేవుల్లో విహార పడవలకు ఎర్ర డీజిల్ ఎప్పటిలాగే దొరుకుతుంది, ఉత్తర ఐర్లండులో మాత్రం 2021 నుంచి వాటిని నడపడానికి రంగు కలపని, పూర్తి సుంకం పడే తెల్ల డీజిలే వాడాలి. స్కాట్లండులోని పోర్ట్‌పాట్రిక్‌కూ ఉత్తర ఐర్లండులోని డోనగడీకీ నడుమ ఉన్నది ఇరవై మైళ్ల చిల్లర నీరు, ఎగిరేది ఒకే దేశపు జెండా, అయినా ఒక ఒడ్డున ధర్మమైనది ఎదుటి ఒడ్డున నేరం.

బెల్జియం రేవుల్లో కస్టమ్స్‌వారు ట్యాంకుల్లో గొట్టాలు ముంచి చూసి జరిమానాలు వేసిన సంగతి బ్రిటిష్ పడవవాళ్లు నేటికీ మన ఊళ్లో దయ్యాల కథలు చెప్పుకున్నట్లు చెప్పుకుంటారు. నేను ఆ దృశ్యాన్ని కళ్లారా చూడలేదు. కానీ రాత్రి గస్తీలో నిద్ర రాకుండా ఉండడానికి దాన్ని ఎన్నిసార్లు ఊహించుకున్నానో లెక్క లేదు.

అధికారి వస్తాడు. పడవ చెక్క పాడవుతుందని మర్యాదగా బూట్లు విప్పి, మేజోళ్లతో లోపలికి దిగుతాడు. మూత తీసి, సన్నని గాజు గొట్టాన్ని ట్యాంకులోకి దించి, పైకి తీసి ఎండకెత్తి చూస్తాడు. ఇది ఎరుపు అంటాడు. కాదు, గులాబి అంటాడు యజమాని. కిందటేడు ఫ్రాన్సులో రెండుసార్లు తెల్ల డీజిల్ పోయించాను, పాత ఎరుపు ఇంకా విడవలేదు, అంతే అంటాడు. గులాబి అయినా ఎరుపు సంతానమే కదా అంటాడు అధికారి. అప్పుడు యజమాని అట్ట పెట్టె దించి, ట్యాంకు జాతకం విప్పుతాడు: ఏ తేదీన ఏ రేవులో ఎన్ని లీటర్లు పడ్డాయి, ఏ రసీదు మీద సుంకం చెల్లించినట్లు ముద్ర ఉంది, ఇంజను ఏ రోజున ఎన్ని గంటలు తిరిగింది. అధికారి కళ్లజోడు సవరించుకుని గ్రహస్థితి పరిశీలిస్తాడు. మీరు అరవై పాళ్లకే పూర్తి సుంకం కట్టారే అంటాడు. మిగతా నలభై వెచ్చదనానికి అంటాడు యజమాని. బయట ముప్పై డిగ్రీల ఎండ కాస్తున్నది. పక్క పడవలో పిల్లలు ఐస్‌క్రీం తింటున్నారు. మంచిది, హీటరు చూపించండి అంటాడు అధికారి. యజమాని పడవ ఈ చివరి నుంచి ఆ చివరికి చూస్తాడు. టీ కాచుకునే పొయ్యి ఉంది, అది గ్యాసుది. చివరికి బీరువా తెరిచి, వణుకుతున్న చేతులతో, "దుప్పట్లున్నాయి" అంటాడు. ఆ వణుకును రుజువుగా స్వీకరించాలా వద్దా అన్న మీమాంసలో పడి అధికారి పై అధికారికి ఫోను చేస్తాడు. ఈలోగా నా గస్తీ ముగుస్తుంది.

కాగితాల కష్టాలు డీజిల్‌తో ముగియవు. మేం వెళ్లదలచింది ఇంగ్లండు నుంచి బెల్జియానికి. బయలుదేరే ముందు 2 నుంచి 24 గంటల లోపల బ్రిటన్ ప్రభుత్వానికి ప్రయాణ వివరాలు పంపాలి. అవతలి ఒడ్డున ప్రవేశానికి అనుమతి ఉన్న రేవులోనే దిగాలి. పసుపు జెండా ఎగరేయాలి. బ్రిటిష్‌వారైతే 180 రోజుల్లో 90కి మించి ఉండకూడదు. నాలాంటి భారతీయ పాస్‌పోర్టు వాడికి దానికి ముందు షెన్‌జెన్ వీసా కూడా కావాలి. దరఖాస్తులో ఏ రోజున, ఏ వాహనంలో, ఎక్కడ దిగుతారని అడిగారు. గాలి నైరుతి నుంచి వీస్తే ఫలానా చోట, ఈశాన్యం నుంచి వీస్తే అసలు బయలుదేరం అని నిజం రాశాను. నిజం అక్కడ చెల్లలేదు. ఫెర్రీ టికెట్టు చెల్లింది.

ఇక ప్రయాణ ప్రణాళిక దగ్గరికి వస్తాను. దీన్ని నేను ఎగతాళి చేయను. సముద్రంలో ప్రాణరక్షణ కోసం దేశాలన్నీ కలిసి రాసుకున్న సోలాస్ ఒప్పందంలోని ఐదో అధ్యాయం, 34వ నిబంధన 2002 జూలై 1 నుంచి చిన్న విహార పడవలకు కూడా వర్తిస్తున్నది. వాతావరణం, ఆటుపోట్లు, పడవ శక్తి, మనుషుల ఓపిక, దారిలోని ప్రమాదాలు, అనుకోనిది జరిగితే ఏం చేయాలన్న ఆలోచన, ఇవన్నీ ముందే చూసుకుని, ఒడ్డునున్న ఒకరికి చెప్పి వెళ్లమంటుంది. బతికి రావాలనుకునే ప్రతివాడూ చట్టం లేకపోయినా చేసే పనే ఇది. రామ్స్‌గేట్ నుంచి బెల్జియంలోని న్యూపోర్ట్‌కు సుమారు 50 నాటికల్ మైళ్లు. మా పడవ నడక గంటకు ఐదు మైళ్లు. దారిలో ప్రపంచంలోకెల్లా రద్దీ అయిన ఓడల బాటల్లో ఒకటి అడ్డంగా ఉంటుంది. డోవర్ జలసంధిలో రోజుకు 400కు పైగా ఓడలు తిరుగుతాయి. ఆ బాటను లంబకోణంలో దాటాలి, అది కూడా పడవ ముక్కు దిశ లంబకోణంలో ఉండాలి; పోటు పక్కకు లాక్కుపోతున్నదని ముక్కును ఎదురు తిప్పి బాటలో ఎక్కువసేపు గడపకూడదు. గంటకు 18 మైళ్ల వేగంతో వచ్చే సరుకు ఓడ ఆరు మైళ్ల దూరాన ఇటుకంత కనిపిస్తుంది. ఇరవై నిమిషాల్లో మన నెత్తి మీద ఉంటుంది.

సరిగ్గా ఆ బాట నడుమ గాలి పడిపోతే తెరచాప ఆరేసిన పంచె అవుతుంది. అప్పుడు మిగిలేది ఇంజను ఒక్కటే. మా ఇంజను గంటకు రెండున్నర లీటర్లు తాగుతుంది. పది గంటలకు 25 లీటర్లు. ఎదురుగాలికి, ఎదురుపోటుకు మరికొంత. రేవు మూసి ఉండి మరో రేవుకు పోవలసి వస్తే ఇంకొంత. పోవడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, అనుకోని ఆపదకు ఒక వంతు అన్నది ముసలి నావికుల లెక్క. అలలకు ట్యాంకు అడుగు మడ్డి లేచి గొట్టం పూడుకుపోయినప్పుడు, విడిగా పెట్టుకున్న 20 లీటర్ల శుభ్రమైన క్యాను ఒకటి ఆ పూట ప్రాణం నిలబెడుతుంది.

ఆ క్యానే నేరం. ట్యాంకులో ఉన్న ఎర్ర డీజిల్‌కు రసీదులు చూపి బతిమాలుకోవచ్చునట. క్యానులో ఉన్నది మాత్రం పడవ ట్యాంకులోది కాదు గనుక దిగుమతి చేస్తున్న సరుకు కిందికి వస్తుంది, కనుక తీసుకువెళ్లకండి అని అందరూ సలహా ఇస్తారు. ఒక చట్టం ఆపదకు ఏర్పాటు చేసుకోమంటుంది, ఇంకో చట్టం ఆ ఏర్పాటును పట్టుకుని దొంగ సరుకంటుంది. తెల్ల డీజిల్ నింపుకోవచ్చు కదా అని ఒడ్డున కూర్చున్నవారు చెబుతారు. నింపుకోవచ్చు. అది నీటి ఒడ్డున చాలా తక్కువ చోట్ల దొరుకుతుంది. రోడ్డు మీది బంకులో దొరుకుతుంది, అందులో ఏడు శాతం దాకా జీవ ఇంధనం కలుస్తుంది, అది తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి కదలని పడవలో దానికి నాచు లాంటి మురికి పుడుతుంది, ఆ మురికే ఓడల బాట నడుమ ఫిల్టరును పూడుస్తుంది. ఈ సంగతులు రాసినవారికి తెలియవని నేననుకోను. తెలిసే రాశారు. ఇరవై లీటర్లకు ఎనిమిదిన్నర పౌండ్ల సుంకం తేడా కోసం, నడిసముద్రంలో మనిషి చేతిలోని చివరి ఆధారాన్ని అనుమానాస్పద వస్తువుగా మార్చిన నిబంధనకు నేను వ్యంగ్యం వృథా చేయదలచుకోలేదు. అది బుద్ధిలేని నిబంధన, సిగ్గుమాలిన నిబంధన.

ఐరోపా సమాఖ్య 2003 నాటి ఆ సుంకాల చట్టంలో 14వ అధికరణం కూడా ఉంది. చదివితే కడుపు మండుతుంది. ఐరోపా జలాల్లో తిరిగే నౌకల ఇంధనానికి సుంకం మినహాయింపు, ఒక్క సొంత విహార పడవలకు తప్ప. మూడు వేల మందిని ఎక్కించుకుని, ఈతకొలనులు, జూదశాలలు, రాత్రంతా వెలిగే దీపాలు మోసుకుంటూ పోయే క్రూజ్ ఓడ విహారం కిందికి రాదు, అది వాణిజ్యం. దాని ట్యాంకులో ఏ రంగుందో గాజు గొట్టం దించి చూసేవాడు లేడు. గాలి ఉన్నంతసేపు చుక్క డీజిల్ కాల్చకుండా ముగ్గురం మనుషులం, ఒక కూజా టీతో పోతే, అది విహారం. మేం దాని అలల్లో ఊగిపోతుండగా, దాని పైఅంతస్తులో ఎవరో మాకు చెయ్యి ఊపారు. వారి గదులు వెచ్చగా ఉండి ఉంటాయి.

బయలుదేరే ముందురోజు రాత్రి క్యాను గురించి మా పడవలో గంటసేపు వాదన జరిగింది. బంకు ఐదు మైళ్ల దూరంలో ఉంది, మా దగ్గర కారు లేదు, తెల్లవారుజామున నాలుగింటికి మారే పోటు మా కోసం ఆగదు. యజమాని చివరికి ఎర్ర డీజిల్ క్యానును ఒడ్డున చెక్కపెట్టెలో పెట్టి తాళం వేశారు. ప్రణాళిక కాగితంలో ఆపద ఇంధనం అన్న గడి ఒకటి మిగిలిపోయింది. అందులో "20 లీటర్లు, చట్టం ప్రకారం రేవులోనే వదిలివేయడమైనది" అని రాసి, ఆయన చేత సంతకం పెట్టించాను.