ట్యాంకు ఇంపార్టెంట్, తల అర్జెంట్

విశాఖ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన వాట్సాప్ గ్రూపులో ఏం పెట్టినా పైన 'ఇంపార్టెంట్' అని ఉండాల్సిందే. లిఫ్టులో ఎవరో గొడుగు మర్చిపోయారు: ఇంపార్టెంట్. ఏకాదశి శుభాకాంక్షలు: వెరీ ఇంపార్టెంట్. మెట్ల మీద చెప్పులు విడవొద్దు: మోస్ట్ ఇంపార్టెంట్, పక్కన మూడు ఎర్రటి ఆశ్చర్యార్థకాలు. గైడులో ప్రతి ప్రశ్నకీ స్టార్ గుర్తు పెడితే పదో తరగతి పిల్లాడు ఏది చదువుతాడు?

శనివారం రాత్రి ఇంకో ఇంపార్టెంట్ దిగింది. రేపు పొద్దున్న ఎనిమిది నుంచి ట్యాంకు కడుగుతారు, మధ్యాహ్నం దాకా నీళ్లు రావు. అందరూ దండం బొమ్మ పెట్టేశారు. అలవాటు ప్రకారం ఎవరూ చదవలేదు.

302 అంకుల్‌గారికి ఆదివారమే గాజువాకలో మేనకోడలి నిశ్చితార్థం. ఎనిమిదిన్నరకి జుట్టుకీ మీసానికీ రంగేసుకుని, అరగంట ఆగి కుళాయి తిప్పారు. గుర్రుమని గాలొచ్చింది.

భుజాన తువ్వాలుతో కిందికి పరిగెత్తుకొచ్చారు. ఒక నల్లటి చార చెవి వెనక్కి, ఇంకోటి నుదుటి మీంచి ముక్కు కొసకి, అక్కణ్నుంచి తెల్ల బనీను మీదికి.

"ఏటండీ ఇది! ఒక ముక్క చెప్పొద్దా?"

"చెప్పానండీ, ఇదిగో చూడండి, ఇంపార్టెంట్ అని కూడా పెట్టాను," అన్నారు సెక్రటరీగారు ఫోను చూపిస్తూ.

"బీచి దగ్గరే కదండీ, ఒక మునుగు మునిగొచ్చేయండి," అన్నాడు వాచ్‌మన్. పాపం, సాయం చేద్దామనే.

ఇంతలో 104 మాస్టారు పేపరు మడిచి లేచారు. ఇంగ్లీషు లెక్చరర్‌గా చేసినాయన, క్లాసు దొరికితే వదలరు. "ఇంపార్టెంట్ అంటే చాలదు. ఎవరికి? ఇంపార్టెంట్ పక్కన 'టు' వస్తే మనం ఇచ్చే విలువ, 'ఫర్' వస్తే దాని వల్ల ఒనగూడేది. తొందర ఉంటే అసలా మాటే కాదు. ట్యాంకు కడగడం ఇంపార్టెంట్, ఈయన తల కడగడం అర్జెంట్. ఇంకో సంగతి, లాటిన్‌లో ఇంపోర్టారే అంటే లోపలికి మోసుకురావడం. మీ పోర్టులో దిగే ఇంపోర్టులూ, ఈ ఇంపార్టెంటూ దాని పిల్లలే."

"అలాగైతే మాస్టారూ, ముందు రెండు బకెట్లు ఇంపోర్టు చేయించండి. చెవుల్లోకి దిగిపోతంది," అన్నారు అంకుల్.

చివరికి ఎవరెవరింట్లోనో తాగడానికి ఉంచుకున్న ఇరవై లీటర్ల క్యాన్లు రెండు ఆయన నెత్తి మీద ఖాళీ అయ్యాయి. గాజువాక చేరేసరికి ఉంగరాలు మార్చుకోవడం అయిపోయిందట. నుదుటి రంగు మాత్రం వదల్లేదు. బట్టతల మొదలైన చోట కూడా జుట్టున్నట్టే కనబడి, ఫొటోల్లో పదేళ్లు తగ్గారని ఆంటీ అందరికీ చూపిస్తున్నారు.