ఆ రోజున చట్టం ఏం చెప్పింది?

ఒక చట్టంలో ‘అప్పీలు ముప్పై రోజుల్లోగా దాఖలు చేయాలి’ అని ఉందనుకుందాం. కొన్నేళ్లకి దానికి సవరణ వచ్చింది. సవరణ చట్టం తెరిచి చూస్తే ఉండేది ఒక్క వాక్యం: సెక్షన్ 14, సబ్ సెక్షన్ (2)లో ‘ముప్పై’ అనే పదానికి బదులు ‘అరవై’ అనే పదం చేర్చాలి. ఎప్పటి నుంచి? ప్రభుత్వం నోటిఫై చేసిన తేదీ నుంచి. ఆ నోటిఫికేషన్ ఎనిమిది నెలల తర్వాత మరో గెజిట్‌లో వచ్చింది. ఈ మధ్యలో ఒకతను 45వ రోజున అప్పీలు వేశాడు. గడువు దాటినట్టా, దాటనట్టా?

మూల చట్టం, సవరణ, నోటిఫికేషన్ మూడూ ముందు పెట్టుకుని తేదీలు సరిచూస్తే తప్ప జవాబు దొరకదు. న్యాయ సమాచార వ్యవస్థ చేయాల్సిన అసలు పని ఇదే. చాలా పాత వ్యవస్థలు చేయలేనిది కూడా ఇదే.

ఆ పాతవాటిలో రెండు రకాలు కనిపిస్తాయి. మొదటి రకంలో ఆ మూడు కాగితాలూ స్కాన్ చేసిన పీడీఎఫ్‌లుగా మూడు చోట్ల పడి ఉంటాయి. వాటిని కలుపుకుని చదువుకునే భారం చదివేవాళ్లదే. రెండో రకంలో ఆపరేటర్ ‘ముప్పై’ చెరిపేసి ‘అరవై’ అని టైప్ చేసి సేవ్ చేస్తారు. పైకి ఇది మెరుగ్గా కనిపిస్తుంది కానీ ఎక్కువ ప్రమాదం ఇందులోనే ఉంది. పాత మాట పూర్తిగా మాయమైంది. మూడేళ్ల కిందటి కేసు చూస్తున్న లాయరుకి ఈనాటి చట్టం కనిపిస్తుంది. అది ఆనాటిది కాదని చెప్పే ఆనవాలు తెర మీద ఎక్కడా ఉండదు.

ఇలాంటి వ్యవస్థను కొత్త సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ కడతామనగానే చర్చ ఎక్కడ మొదలవుతుందో తెలుసు. కొత్త డిజైన్, మొబైల్ యాప్, చాట్‌బాట్. వీటి మీద నాకు వ్యతిరేకత లేదు. కానీ చట్టం పాఠాన్ని కాలంతో సహా పట్టి ఉంచే డేటా లేకుండా వీటికి డబ్బు పెడితే పాత తప్పునే ఇంకా వేగంగా, ఇంకా ఎక్కువ మందికి చూపిస్తాం.

ఆ డేటా ఎలా ఉండాలి? ప్రతి సెక్షన్, ప్రతి క్లాజు విడి రికార్డుగా ఉండాలి. ప్రతి రికార్డుకీ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అమల్లో ఉంది, ఏ సవరణ వల్ల మారింది అనే వివరం తగిలించి ఉండాలి. దేన్నీ చెరపకూడదు. దీనికి ఇంకో చిక్కు ఉంది. కొన్ని సవరణలు వెనక తేదీ నుంచి అమలవుతాయి. ఈ రోజు చేసిన చట్టం, రెండేళ్ల కిందటి నుంచే అమల్లో ఉన్నట్టు భావించాలంటుంది. అప్పుడు నిన్న సైట్ చూసిన మనిషికీ, ఇవాళ చూసిన మనిషికీ అదే పాత తేదీకి వేర్వేరు పాఠాలు కనిపిస్తాయి. ఇద్దరూ చూసింది నిజమే. అందుకే చట్టం అమలైన తేదీతో పాటు ఆ మార్పు మన రికార్డులోకి ఎక్కిన తేదీ కూడా దాచాలి. డిజైన్ దశలో ఈ రెండో తేదీని వదిలేసిన వ్యవస్థలో తర్వాత దాన్ని చేర్చడం చాలా కష్టం.

ఇదంతా ఊహ కాదు. ఐక్యరాజ్యసమితి చొరవతో ఆఫ్రికా పార్లమెంట్ల కోసం మొదలైన అకోమా ఎన్‌టోసో అనే ఎక్స్ఎంఎల్ ప్రమాణం 2018లో ఓయాసిస్ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఆమోదం పొందింది. చట్టంలోని భాగాలను, సవరణలను, తేదీలను కంప్యూటర్‌కి అర్థమయ్యేలా గుర్తు పెట్టడానికి అందులో ఏర్పాట్లున్నాయి. బ్రిటన్‌లో 2010లో మొదలైన ప్రభుత్వ చట్టాల సైట్‌లో చాలా చట్టాలకు తేదీల వరుస కనిపిస్తుంది, పాత తేదీ నొక్కితే అప్పటి పాఠం తెరుచుకుంటుంది. ఆ సైట్‌లో నాకు బాగా నచ్చినది మరొకటి. ఇంకా చేర్చని సవరణలుంటే ఆ సంగతి పేజీ మీదే చెబుతుంది. మా దగ్గర ఇంతవరకే సరిచేసి ఉంది అని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఆ ఒక్క గమనికను బట్టి చదివేవాళ్లు ఎంతవరకు నమ్మవచ్చో, ఎక్కడి నుంచి గెజిట్ చూసుకోవాలో తెలుసుకుంటారు.

ఇక పాత డేటాను కొత్తదానిలోకి తేవడం. ప్రాజెక్టు ప్లాన్‌లో దీనికి ఒక్క లైనే ఉంటుంది, కానీ నెలలు తినేది ఇదే. కొన్నేళ్ల కిందట నేను ఇలాంటి ఒక పనిలో ఉన్నాను. తీర్పులన్నీ యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఒకే ప్రామాణిక సంకేతాలు) రాకముందటి ఫాంటులో ఉన్నాయి, అందులో అక్షరం ముక్క ఒక్కోదానికి ఒక్కో బైటు. వాటిని యూనికోడ్‌లోకి మార్చాం. యూనికోడ్‌ని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన లిపిలోని ఒక్కో గుర్తుకి మూడు బైట్లు పడతాయి. డేటాబేస్‌గా మైఎస్‌క్యూఎల్ వాడాం, తీర్పు పాఠానికి టెక్స్ట్ రకం కాలమ్ పెట్టాం. దాని పరిమితి 65,535 బైట్లు, అంటే 22 వేల గుర్తులు కూడా పట్టవు. పరిమితి దాటితే తప్పు చూపించి ఆపేసే స్ట్రిక్ట్ మోడ్ సర్వర్‌లో ఆన్ చేసి లేదు. దాంతో పొడవైన తీర్పులను అది నిశ్శబ్దంగా తెగ్గోసి, లాగ్‌లో ఎవరూ చూడని ఒక వార్నింగ్ రాసి ఊరుకుంది.

పాతదాంట్లో ఎన్ని రికార్డులో కొత్తదాంట్లోనూ అన్నే ఉన్నాయి. టెస్ట్ పాసయింది. రెండు వారాల తర్వాత ఒక సహోద్యోగి ఏదో తీర్పు చదువుతూ, వాక్యం మధ్యలో ఆగిపోయిందేంటి అని అడిగారు. తీర్పులో చివరి పేరా అంటే అసలు ఉత్తర్వు. అప్పీలు అనుమతించారా, కొట్టేశారా అన్నది అక్కడే ఉంటుంది. వాదనలన్నీ భద్రంగా ఉన్నాయి, ఫలితం పోయింది. ఆ రాత్రి టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. పాత ఫైళ్లు చెరిపేయలేదు కాబట్టి గట్టెక్కాం. అప్పటి నుంచి రికార్డుల లెక్కతో తృప్తి పడడం మానేశాను. ప్రతి పత్రంలో మొదటి వంద అక్షరాలు, చివరి వంద అక్షరాలు రెండు వైపులా పోల్చాలి. కొన్నింటినైనా మనిషి కూర్చుని మూలంతో పక్కపక్కన చదవాలి.

పాత లింకుల సంగతి కూడా ఇలాంటిదే. అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల్లో ఇచ్చిన వెబ్ లింకుల్లో దాదాపు సగం, మొదట చూపించిన సమాచారానికి ఇప్పుడు తీసుకెళ్లడం లేదని హార్వర్డ్ పరిశోధకులు సుమారు పదేళ్ల కిందట తేల్చారు. సైట్‌ని మళ్లీ కట్టిన ప్రతిసారీ చిరునామాలు మారిస్తే జరిగేది ఇదే. తీర్పుకీ చట్టానికీ ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ సంబంధం లేని శాశ్వత సంఖ్య ఉండాలి. యూరప్‌లో తీర్పులకి ఇచ్చే ఈసీఎల్ఐ అనే గుర్తింపు సంఖ్య అలాంటిదే. దేశం, కోర్టు, సంవత్సరం, వరుస సంఖ్య చూస్తే తీర్పు ఏదో తెలిసిపోతుంది, వెనక ఏ డేటాబేస్ ఉన్నా సరే.

ఈ సంఖ్యల అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది. ఏఐ చాట్‌బాట్ సృష్టించిన, ఎక్కడా లేని తీర్పులను కోర్టుకి ఇచ్చినందుకు 2023లో న్యూయార్క్‌లోని ఒక ఫెడరల్ జడ్జి లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా వేశారు. ఏఐ ఇచ్చిన ప్రతి తీర్పునూ శాశ్వత సంఖ్యతో ఉచితంగా, క్షణంలో సరిచూసుకునే చోటు ఉంటే ఇలాంటివి చాలావరకు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

సెర్చ్ గురించి ఒక్క మాట. 1950ల చివర్లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో జాన్ హోర్టీ అనే న్యాయవాది, పెన్సిల్వేనియా చట్టాల్లో పిల్లలను కించపరిచే ఒక పాత పదాన్ని తీసేసి మరో పదం పెట్టే పనిలో పడ్డారు. మనుషులు చదివి వెతికితే కొన్ని చోట్లు మిగిలిపోయాయి. చివరికి చట్టాలను పంచ్ కార్డుల (రంధ్రాలతో సమాచారం దాచే అట్టలు) మీదకి ఎక్కించి కంప్యూటర్‌తో వెతికించారు. ఏ చోటూ మిగలకుండా వెతకాలన్న అప్పటి సమస్య మన భాషలో ఇంకా పెద్దది. ‘కౌలుదారు’ అని వెతికితే ‘కౌలుదారులకు’, ‘కౌలుదారుడి’ కూడా దొరకాలి. విభక్తులను విడదీయడం తెలియని సెర్చ్ ఇంజన్ తెచ్చి పెడితే సగం తీర్పులు కనిపించవు, కనిపించలేదన్న సంగతీ తెలియదు.

సెర్చ్ బాగుపడితే వచ్చే ఇబ్బంది కూడా ఉంది. వెతకడం కష్టం కాబట్టి పాత వ్యవస్థలో దాగి ఉన్న విడాకుల వివరాలు, బాధితుల పేర్లు, పిల్లల పేర్లు కొత్తదాంట్లో ఒక్క క్లిక్‌లో బయటపడతాయి. కెనడాలోని న్యాయ సమాచార సంస్థ కాన్‌లీ తన సైట్‌లో తీర్పులను అందరికీ ఉచితంగా ఇస్తుంది, బయటి సెర్చ్ ఇంజన్లను మాత్రం వాటిని ఇండెక్స్ చేయనివ్వదు. చట్టం కోసం వచ్చినవాళ్లకి తీర్పు దొరుకుతుంది, పక్కింటివాళ్ల పేరు కొట్టి చూసేవాళ్లకి దొరకదు. ఈ నిర్ణయం మొదటి రోజే తీసుకోవాలి. పేర్లు ఒకసారి బయటికి పాకాక వెనక్కి లాగలేం.

పాతదాన్ని ఆపేసి ఒక సోమవారం ఉదయం కొత్తది తెరిచే పద్ధతి నాకు నచ్చదు. తాటిచెట్టు మీద మొలిచిన మర్రి చూడండి. తాడి నిలబడి ఉండగానే మర్రి దాని చుట్టూ ఊడలు దించి, తన కాళ్ల మీద నిలబడ్డాకే దాని చోటు తీసుకుంటుంది. సాఫ్ట్‌వేర్ నిపుణుడు మార్టిన్ ఫౌలర్ 2004లో, పాతది నడుస్తుండగానే కొత్తదాన్ని కొంచెం కొంచెంగా కట్టే పద్ధతికి ఇలాంటి చెట్ల పేరే పెట్టారు. ముందు ఒక్క చట్టం, దాని నియమాలు, వాటి మీద తీర్పులు. అవి సరిగ్గా నిలిచాక రెండోది. అంతవరకు పాతది నడుస్తూనే ఉండాలి.

ఆ ఒక్క చట్టం దగ్గర ప్రోగ్రామర్ పక్కన ఎవరు కూర్చుంటారన్నది కూడా టెండర్‌లోనే రాయాలి. ఇన్నేళ్లుగా సవరణలు చేత్తో నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చిన సీనియర్ ఉద్యోగికి ఏ నోటిఫికేషన్ ఏ చట్టానిదో, ఏ గెజిట్‌లో అచ్చుతప్పు పడిందో తెలుసు. ఆమె రిటైరయ్యేలోపు ఆ పుస్తకం డేటాబేస్‌లోకి ఎక్కాలి, ఆమెకు ఆ పనికి ప్రత్యేకంగా సమయం, జీతం కేటాయించాలి. కంపెనీ మారినా మొత్తం డేటా చరిత్రతో సహా తెరిచి చదవగలిగే ఫార్మాట్‌లో తిరిగి ఇవ్వాలన్న షరతు, ఆమె పని గంటలు, ఈ రెండూ ఒప్పందం మొదటి పేజీలో ఉండాలి. మొబైల్ యాప్ రంగులు అనుబంధంలో ఉన్నా సరిపోతుంది.