ఆర్‌సీ ఉంటే సరిపోతుందా?

విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్ షెడ్డు ఉన్న మేనమామకూ, ల్యాండ్ క్రూజర్ బేరం పట్టుకొచ్చిన మేనల్లుడికీ జరిగిన వాదన ఇది.

అల్లుడు: 2016 మోడల్ మావయ్యా. రెండేళ్ల కిందట దుబాయ్ నుంచి దింపారట. నంబరు వేరే రాష్ట్రానిది. అక్కడి ఆర్టీవో నుంచి అభ్యంతరం లేదన్న కాగితం (ఎన్‌ఓసీ) తెచ్చి లైఫ్ ట్యాక్స్ కడితే మన పేరు మీదికి మారిపోతుందట. 60 లక్షలు చెబుతున్నాడు. కొత్తదైతే రెండు కోట్ల పైమాటే!

మావయ్య: వద్దు.

అల్లుడు: బండి చూడకుండానే?

మావయ్య: తారీఖు చూశాగా. తయారై మూడేళ్లు దాటిన పాత కారును మన దేశంలోకి రానివ్వరు. ఆలోపుదైనా ముంబై పోర్టులోనే దిగాలి, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. దుబాయ్‌లో స్టీరింగ్ ఎడమవైపు. అంటే దీన్ని కోసి మార్చారు. ఈ ఫొటో పెద్దది చేసి చూడు. స్టీరింగ్ కుడికొచ్చింది, బ్రేక్ తొక్కినప్పుడు బలమిచ్చే బూస్టర్ మాత్రం ఎడమనే ఉండిపోయింది. మధ్యలో ఏ కడ్డీ వేసి కలిపాడో! రేపు పిల్లల్నెక్కించుకుని హైవే మీద వందలో వెళ్తూ దాని మీద కాలు వేయాల్సింది నువ్వు.

అల్లుడు: ఇక్కడి బళ్లు మాత్రం శుద్ధమా? కిలోమీటర్ల మీటర్లు వెనక్కి తిప్పేవాళ్లు మీ షెడ్డు వీధిలోనే ఉన్నారు. జపాన్‌లో కొత్త కారుకు మూడేళ్లకు, తర్వాత రెండేళ్లకోసారి తనిఖీ తప్పదు. పాత బళ్ల వేలంలో బండి ఎలా ఉందో గ్రేడు వేసి షీటు కూడా ఇస్తారు. మనకెవరిస్తున్నారు?

మావయ్య: ఆ మాట నిజం. జపాన్ బండంటే నాకూ ఇష్టమే.

అల్లుడు: మీరు వద్దన్నవన్నీ ఇంతే. మంగళగిరి స్థలం కూడా వద్దన్నారు. ఇప్పుడు దాని రేటెంత?

మావయ్య: మీ నాన్న దగ్గర అప్పుడు డబ్బెక్కడిదిరా? వడ్డీకి తెస్తానంటే వద్దన్నాను.

అల్లుడు: అమ్మ నేటికీ ఆ మాటే తలుచుకుంటుంది.

మావయ్య: అక్కతో నేను మాట్లాడుకుంటాలే. బండి సంగతి చెప్పు.

అల్లుడు: సరే, దీన్ని దొంగదారిన తెచ్చారనే అనుకుందాం. పన్ను ఎగ్గొట్టింది ఇంకొకడు. ఆర్‌సీ ఇచ్చింది ప్రభుత్వం. దాన్ని నమ్మి కొన్నవాడిదా తప్పు?

మావయ్య: న్యాయంగా చూస్తే నీది తప్పు కాదు. కానీ బండి పోయేది నీ వాకిట్లోంచే. 2025 సెప్టెంబరులో కేరళలో ఏం జరిగింది? భూటాన్ నుంచి దొంగదారిన తెచ్చారంటూ బళ్లని కస్టమ్స్ వాళ్లు ఇళ్లకెళ్లి పట్టుకున్నారు. వాటికీ ఇక్కడి రిజిస్ట్రేషన్లున్నాయి. ఆ తర్వాత నువ్వు కస్టమ్స్ చుట్టూ, కోర్టు చుట్టూ తిరగాలి. అమ్మినవాడి ఫోను మోగదు. అందుకే ముందు బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి అప్పుడు కస్టమ్స్‌కిచ్చే కాగితం, అడుగు. ఏ పోర్టులో దిగింది, ఎంత విలువ చూపారు, ఎంత సుంకం కట్టారు, అన్నీ అందులో ఉంటాయి. ఛాసిస్ నంబరు ఆ కాగితంలో, ఆర్‌సీలో, బండి మీద ఒక్కటే ఉండాలి. ఆ అంకెల చుట్టూ వెల్డింగ్ మచ్చ గానీ, కొత్త పెయింటు గానీ ఉంటే తిరిగొచ్చేయ్. సీటు పట్టాల కింద తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు కనిపిస్తే అది వరదలో మునిగిన బండి. ఇవన్నీ చూశాకే ఇంజిన్ సంగతి.

అల్లుడు: అన్నీ సరిగ్గా ఉంటే?

మావయ్య: నేనే వచ్చి లిఫ్టు మీద పెట్టి చూస్తా. కానీ అప్పుడు ఈ రేటుకు రాదు. అక్కడ 40 లక్షల బండికి సుంకం, జీఎస్టీ కలిపితే ఇక్కడ కోటీ పాతిక దాటుతుంది. వాడు 60కి ఇస్తున్నాడంటే ఆ పన్ను ఎవరు కట్టినట్టు?

అల్లుడు: ...రేపు టోకెన్ ఇస్తానన్నాను.

మావయ్య: ఇవ్వకు. ముందు ఆ బిల్లు వాట్సాప్‌లో పెట్టమను.