కార్డు వెనక కాలేజీ పేరు: అభిమానమా, లైసెన్సు లెక్కా?

ఆటగాళ్ల బొమ్మల కార్డులు వేసే అమెరికా కంపెనీ టాప్స్ 1955లో కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాళ్లతో వేసిన ‘ఆల్ అమెరికన్’ సెట్‌లో 21వ నంబరు కార్డు బైరన్ ‘విజ్జర్’ వైట్‌ది. కొలరాడో యూనివర్సిటీ ఆటగాడు, 1962లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయినవాడు. కొన్ని కార్డుల్లో ముందువైపు వైట్ బొమ్మే ఉంటుంది గానీ, తిప్పి చూస్తే 14వ నంబరులో పడాల్సిన గేనెల్ టిన్స్‌లీ వివరాలు కనిపిస్తాయి. టిన్స్‌లీ చదివింది లూసియానా స్టేట్ యూనివర్సిటీలో. అతని కార్డు వెనకేమో వైట్ చరిత్ర. తర్వాత టాప్స్ సరిదిద్దింది కాబట్టి ఈ రెండు నంబర్లూ రెండేసి రకాలుగా దొరుకుతాయి. కొలరాడో పూర్వ విద్యార్థుల కార్డులు పోగేసేవాళ్లు వెనక్కి తిప్పకుండా కొంటే చేతికి లూసియానా చరిత్ర వస్తుంది.

ఇది కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. టెక్సస్ ఏ అండ్ ఎం, ఒహాయో స్టేట్ లాంటి చోట్ల ఎంఎస్ చేసిన మనవాళ్లకు శనివారం పూట ఊరు ఊరంతా స్టేడియం దారి పట్టడం తెలిసిందే. ఆ పిచ్చి చూసినవాళ్లెవరైనా, కార్డుల మీద కాలేజీ పేరు ఉండటానికి కారణం అభిమానమే అనుకుంటారు. కార్డుల చరిత్ర వేరే మాట చెబుతోంది. ప్రొఫెషనల్ లీగ్ హక్కులు చేతికి అందనప్పుడే కార్డు కంపెనీలకు కాలేజీ గుర్తొచ్చింది.

1950లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ కార్డులకు పెట్టింది పేరు బౌమన్ కంపెనీ. కొత్తగా దిగిన టాప్స్ కాలేజీ ఆటగాళ్లతో ‘ఫెల్ట్ బ్యాక్స్’ వేసింది. మొత్తం 100 కార్డులు. ఒక్కొక్కటి సుమారు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 36 మిల్లీమీటర్ల ఎత్తు, అంటే తపాలా బిళ్ల కంటే కాస్త పెద్దది. వెనకవైపు ఫెల్ట్ గుడ్డ మీద కాలేజీ జెండా. తర్వాతి రోజుల్లో పెన్ స్టేట్ కోచ్‌గా పేరు మోసిన జో పటెర్నో, బ్రౌన్ యూనివర్సిటీ కుర్రాడిగా కనిపించేది ఈ సెట్‌లోనే. 1951లో 75 కార్డుల ‘మ్యాజిక్’ సెట్ వచ్చింది. దాని వెనక ఒక భాగాన్ని నాణెంతో గీకితే ఆటగాడి కాలేజీ ఫొటో బయటపడుతుంది. పిల్లలు గీకకుండా ఊరుకుంటారా? అందుకే గీకని కార్డుకు ఇవాళ ఎక్కువ ధర.

1955లో 100 కార్డుల ‘ఆల్ అమెరికన్’ కూడా ఆ దారినే వచ్చింది. నోటర్ డేమ్ యూనివర్సిటీకి 1920లలో ఆడి ‘ఫోర్ హార్స్‌మెన్’ అని పేరుపడ్డ నలుగురూ 68వ నంబరులో, వాళ్ల కోచ్ న్యూట్ రాక్నీ 16లో, జిమ్ థోర్ప్ 37లో ఉంటారు. థోర్ప్ 1953లోనే చనిపోయాడు. అతను ఆడిన కార్లైల్ ఇండియన్ స్కూల్ (అమెరికా ఆదివాసీ పిల్లల బడి) 1918లోనే మూతపడింది. చనిపోయిన మనిషి, మూతపడిన బడి, అయినా కార్డు మీద ఇద్దరూ కలిసే ఉన్నారు. 1956లో టాప్స్ బౌమన్‌ను కొనేసింది. ఆ ఏడాదే ప్రొఫెషనల్ ఆటగాళ్లతో 120 కార్డులు వేసింది. కాలేజీ వెనకవైపు ఒక వరుసకు దిగిపోయింది.

ఆ ఒక్క వరుస మాత్రం గట్టిది. 1970లలో టాప్స్‌కు ఆటగాళ్ల సంఘంతో ఒప్పందం ఉంది గానీ క్లబ్బుల లోగోలకు లైసెన్సు లేదు. హెల్మెట్ల మీది గుర్తులను రంగు పూసి చెరిపేసేవారు. 1982లోగానీ లోగోలు తిరిగి రాలేదు. అన్నేళ్లూ వెనకవైపు కాలేజీ పేరు చెక్కుచెదరలేదు, ఎందుకంటే అది బొమ్మ కాదు, సమాచారం. బొమ్మకు లైసెన్సు కావాలి, సమాచారానికి అక్కర్లేదు. 1976లో వాల్టర్ పేటన్ మొదటి కార్డు (148వ నంబరు), 1986లో జెర్రీ రైస్ మొదటి కార్డు (161) వచ్చినప్పుడు జాక్సన్ స్టేట్, మిసిసిపీ వ్యాలీ స్టేట్ లాంటి నల్లజాతి కాలేజీల పేర్లు దేశమంతటా పిల్లల జేబుల్లోకి చేరాయి. టీవీలో ఆ కాలేజీల ఆట కనబడటమే అరుదైన రోజుల్లో అది చిన్న విషయం కాదు.

1990 ప్రాంతంలో ‘కాలేజియేట్ కలెక్షన్’ పేరుతో ఒక్కో కాలేజీకి ఒక్కో సెట్ వచ్చింది. పాత ఆటగాళ్లు, కోచ్‌లు, స్టేడియాలు, అన్నీ కలిపి. ఫ్లోరిడా స్టేట్ సెట్‌లో డియాన్ శాండర్స్‌తో పాటు హాలీవుడ్ నటుడు బర్ట్ రెనాల్డ్స్‌కూ కార్డు ఉంది, 1954లో అక్కడ హాఫ్‌బ్యాక్‌గా (బంతి పట్టుకుని పరుగెత్తే స్థానంలో) ఆడాడు కాబట్టి. కార్డుల గిరాకీ చూసి అచ్చు యంత్రాలు ఆపకుండా తిప్పిన కాలమది. అందుకే ఈ సెట్లు ఇప్పటికీ చవక. నా దృష్టిలో కాలేజీ వారీగా సేకరించాలనుకునేవాళ్లు మొదలుపెట్టాల్సింది ఇక్కడే. ఎవరెవరు ఆడారో ఒక జాబితా చేతిలో పడుతుంది, దాన్ని పట్టుకుని పాత కార్డులు వెతుక్కోవచ్చు.

డబ్బు దగ్గరే అసలు మెలిక. కాలేజీ పేరు, గుర్తు, జెర్సీ అమ్ముకునే హక్కు కాలేజీది. తన పేరు తాను అమ్ముకుంటే 2021 దాకా ఆటగాడికి శిక్ష. 2010లో జార్జియా ఆటగాడు ఏజే గ్రీన్ తన జెర్సీని 1,000 డాలర్లకు అమ్మినందుకు నాలుగు మ్యాచ్‌లు కూర్చోవాల్సి వచ్చింది. 2014లో అదే కాలేజీ ఆటగాడు టాడ్ గర్లీ సంతకాలకు డబ్బు తీసుకున్నాడని మళ్లీ నాలుగు మ్యాచ్‌లు. యూసీఎల్ఏ మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఎడ్ ఒబానన్ తన రూపాన్ని వీడియో గేమ్‌లో వాడుకున్నారంటూ 2009లో కోర్టుకెక్కాడు, 2014లో గెలిచాడు. 2021 జులై 1 నుంచి విద్యార్థి ఆటగాళ్లు తమ పేరు, రూపం మీద సంపాదించుకోవచ్చు. అప్పటికి టాప్స్ చేతిలో మళ్లీ ప్రొఫెషనల్ లీగ్ లైసెన్సు లేదు. అది ఏం చేసింది? ‘బౌమన్ యూనివర్సిటీ’ పేరుతో కాలేజీ కార్డులు మొదలుపెట్టింది. 1950 నాటి ఎత్తుగడే, ఈసారి పాత ప్రత్యర్థి పేరుతో.

ఇవాళ్టి కుర్రాడికి దారి తెరుచుకుంది, సంతోషం. మధ్యలో దశాబ్దాల పాటు ఆడినవాళ్ల సంగతేంటి? వాళ్ల బొమ్మలతో కాలేజీ పేరిట కొత్త సెట్ వేసిన ప్రతిసారీ కాలేజీకి లైసెన్సు రుసుము ఉంటుంది. పూర్వ విద్యార్థికి కూడా అందులో రాసిపెట్టిన వాటా ఉండాలి, సన్మానానికి పిలిచి శాలువా కప్పితే సరిపోదు. కాలేజీకి బంధం ఎప్పుడు కావాలో, ఎప్పుడు అక్కర్లేదో యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా (యూఎస్‌సీ) మాజీ ఆటగాడు రెజ్జీ బుష్ ఉదంతం చెబుతుంది. చదివే రోజుల్లో నిబంధనలు మీరి డబ్బు తీసుకున్నాడని 2010లో అతనితో సంబంధాలు తెంచుకోవాలంటూ యూఎస్‌సీని శిక్షించారు, ఉత్తమ కాలేజీ ఆటగాడిగా అతను గెలిచిన హైస్‌మన్ ట్రోఫీ పోయింది. తెగదెంపులు 2020 దాకా నడిచాయి, ట్రోఫీ 2024లో తిరిగొచ్చింది. ఆ పద్నాలుగేళ్లూ యూఎస్‌సీ జెర్సీలో అతను పరుగెడుతున్న 2006 నాటి కార్డులు కలెక్టర్ల ఆల్బమ్‌లలోనే ఉన్నాయి. వాటిని వెనక్కి రప్పించే అధికారం ఎవరికీ లేదు.

ఇక కొనేవాళ్ల సంగతి. 1955, 1956 టాప్స్ కార్డుల కొలత సుమారు 67 × 92 మిల్లీమీటర్లు. 1957 నుంచి 63.5 × 89. ఈ తేడా తెలియక పాత కార్డును తొమ్మిది అరల ప్లాస్టిక్ షీటులోకి దూర్చితే మూలలు నలుగుతాయి, దానికి ఎనిమిది అరల షీటు కావాలి. 1965 కార్డు ఇంకా పొడుగు, ఎత్తు 119 మిల్లీమీటర్లు. జో నేమత్ మొదటి కార్డు (122) ఆ సెట్‌దే. పీవీసీ షీట్లు వద్దు, కొన్నేళ్లకు మెత్తబడి సిరాను అంటించుకుంటాయి. పాలీప్రొపిలీన్ మేలు. ఎవరైనా 1955 కార్డు అమ్మజూపితే ముందు స్కేలు పెట్టండి. ఒక మిల్లీమీటరు తగ్గి, అంచులు మరీ పదునుగా ఉంటే అరిగిన మూలలు దాచడానికి కత్తిరించారని అనుమానించాలి. తర్వాత పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో పేరు అక్షరాలు చూడాలి. అసలుదానిలో నల్ల అక్షరం నిండు సిరాగా ఉంటుంది. ఫొటో తీసి అచ్చేసిన నకలులో అక్షరం కూడా చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. నేషనల్ చికిల్ కంపెనీ 1935లో వేసిన కార్డుల్లాంటి వాటికి అతినీలలోహిత దీపం పనికొస్తుంది. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు రెండో ప్రపంచయుద్ధం తర్వాతే వాడుకలోకి వచ్చాయి కాబట్టి, నీలంగా వెలిగితే అది ఆనాటిది కాదు. ఫెల్ట్ బ్యాక్స్‌లో గుడ్డ అంచున లేస్తుంది, జిగురుతో అతికించినవి కొనొద్దు.

పాత ఆటగాళ్ల సంతకం కోసం ఉత్తరం రాసేవాళ్లకు కాలేజీ అనుబంధమే మంచి వంతెన. ఒక పేజీ దాటని ఉత్తరం, ఒకటే కార్డు (ఖరీదైనది వద్దు), తిరుగు చిరునామాతో స్టాంపు అంటించిన కవరు. కార్డును గట్టి ప్లాస్టిక్ పలకలో పెడితే కవరు వంగదు, అమెరికా తపాలా యంత్రాల్లో పోదు, అదనపు రుసుము పడుతుంది. వెళ్లే కవరుకూ తిరుగు కవరుకూ రెండింటికీ ఆ లెక్క చూసుకోవాలి. తిరుగు కవరుకు స్టాంపు తగ్గి పోయిన కార్డులు చాలా ఉన్నాయి.

కార్డు వెనక కాలేజీ వరుసను డిగ్రీ పట్టాగా చదవడం మాత్రం పొరపాటు. నేమత్ కాలేజీ అలబామా, 1965లోనే కార్డెక్కాడు, అక్కడి డిగ్రీ పూర్తిచేసింది 2007లో. ఆబర్న్ హీరో బో జాక్సన్ పట్టా 1995 నాటిది. జో బరో కార్డుల మీద ఎక్కువగా కనిపించేది ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ), అతని మొదటి డిగ్రీ ఒహాయో స్టేట్‌ది. ఇప్పుడు ఆటగాళ్లు రెండేళ్లకో కాలేజీ మారుతున్నారు. ఒకే మనిషి కార్డులు మూడు కాలేజీల రంగుల్లో వస్తున్నాయి. కాలేజీ వారీగా సేకరించేవాళ్లు ఇకనుంచి ఆల్బమ్ మొదలుపెట్టేముందే తేల్చుకోవాలి: జెర్సీని లెక్కేస్తారా, పట్టానా?