‘నువ్వేం చెయ్యకమ్మా, కూర్చో’

మొన్న జనవరిలో ఓ రాత్రి మూడింటికి అమ్మ బాత్‌రూమ్‌కి లేచింది. చలికని నేను కొనిచ్చిన ఉన్ని సాక్సులు కాళ్లకి, కింద నున్నటి చెక్క నేల. లైటు వేస్తే మాకు మెలకువ వస్తుందని చీకట్లోనే గోడ తడుముకుంటూ నడిచి, పక్కకి జారిపడింది. నేను పరుగెత్తుకెళ్లేసరికి కుడికాలు పొట్టిగా కనిపిస్తోంది, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. “ఏం కాలేదు నాన్నా, పొద్దున్నే ఆఫీసుంది, వెళ్లి పడుకో” అంటోంది. తుంటి విరిగింది. మర్నాడు ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు.

తప్పంతా సాక్సులదే అనుకున్నాను చాలా రోజులు. కాదు. గుంటూరులో అమ్మ వాకిలి ఊడ్చి, ముగ్గేసి, కింద కూర్చుని కూరలు తరిగేది. రోజుకి ఎన్నిసార్లు లేచేదో, ఎన్నిసార్లు కూర్చునేదో! ఇక్కడ అమెరికాలో మా ఇంటికొచ్చాక చీపురు ముట్టుకోనివ్వలేదు. ఐదు నెలలు సోఫాలోనే. తొడల్లో సత్తువ పోతే, తూలినప్పుడు కాలు నిలదొక్కుకోలేదు. పైగా ఎండ మొహం చూడని చలికాలం. విటమిన్ డి బాగా తక్కువుందని ఆసుపత్రిలో చెబితేగానీ తెలియలేదు.

అమెరికాలో ఏటా దాదాపు 3 లక్షల మంది పెద్దవాళ్లు తుంటి విరిగి ఆసుపత్రిలో చేరుతున్నారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్లే. సుమారు ఐదుగురిలో ఒకరు ఏడాది తిరక్కుండానే పోతున్నారు. మంచాన పడితే న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, ఒకదాని వెనక ఒకటి వస్తాయి.

65 దాటిన ఆడవాళ్లందరూ ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ చేయించుకోవాలని ఇక్కడి డాక్టర్లు చెబుతారు. మన దగ్గరికొచ్చే అమ్మలకి విమానం ఎక్కకముందే విజయవాడలోనో హైదరాబాద్‌లోనో చేయిస్తే సరిపోతుంది. ఎముక గుల్లబారితే మందులున్నాయి. నిద్రమాత్రలు, బీపీ మాత్రల వల్ల లేవగానే కళ్లు తిరుగుతున్నాయేమో కూడా డాక్టర్ని అడగండి.

వేసవికి అమ్మానాన్నల టికెట్లు కొన్నవాళ్లు దయచేసి కింది గది వాళ్లకివ్వండి. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా చిన్న లైటు వెలగనివ్వండి. టబ్బు దగ్గర గోడకి గట్టి పట్టుకడ్డీ బిగించండి. అది లేకపోతే వాళ్లు పట్టుకునేది టవల్ కడ్డీనే, అది మనిషి బరువుకి ఆగదు.

అమ్మ ఇప్పుడు రోజూ చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చుంటోంది. నిన్న వంటింట్లో నిలబడి చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ‘కూర్చో’ అన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఆపుకొని, ఇంకో దోసెడు కాయలు ముందు పెట్టాను.