సేలెం వెళ్లేది మంత్రగత్తెల కోసమేనా?

హాలోవీన్ నెల అక్టోబరు వస్తే చాలు, బోస్టన్ చుట్టుపక్కల మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో సేలెం ఫొటోలు మొదలవుతాయి (మాసచుసెట్స్ సేలెం, తమిళనాడు సేలం కాదు). నల్ల టోపీలు పెట్టుకున్న పిల్లలు, వెనకాల స్వెటర్ మీద శాలువా కప్పుకుని "ఇదేం జాతర్రా" అన్నట్టు నిలబడ్డ అమ్మమ్మ. పార్కింగ్ కోసం గంటసేపు తిరిగి, ఒక మంత్రగత్తెల షో చూసి ఇంటికొచ్చేస్తారు. సేలెం చూసేశాం అంటారు. చూడలేదంటాను నేను.

ఆ షోల్లో చాలావాటిలో ఉండేవి బొమ్మలు, రంగు లైట్లు, రికార్డు చేసిన గొంతు. 1692లో అక్కడ జరిగింది వినోదం కాదు. మంత్రగత్తెలన్న నింద మోపి 19 మందిని ఉరితీశారు. విచారణకు తలొగ్గని గైల్స్ కోరీ అనే ముసలాయన మీద బండరాళ్లు పేర్చి చంపారు. అది తెలుసుకోవడానికి టికెట్ అక్కర్లేదు. చార్టర్ స్ట్రీట్ శ్మశానం పక్కన 1992లో కట్టిన స్మారకం ఉంది. గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన రాతి బల్లలు, ఒక్కోదాని మీద ఒక పేరు, చనిపోయిన తేదీ. అడుగుపెట్టే చోట, మేం నిర్దోషులమని వాళ్లు మొరపెట్టుకున్న మాటలు రాళ్ల మీద చెక్కారు. వాక్యం పూర్తికాకుండానే గోడ అడ్డొచ్చి తెగిపోతుంది. పిల్లలకి అది చాలు.

మిగతా రోజంతా పీబాడీ ఎసెక్స్ మ్యూజియానికే ఇవ్వండి. 1799లో సేలెం ఓడ కెప్టెన్లు పెట్టుకున్న ఈస్ట్ ఇండియా మెరైన్ సొసైటీ దీనికి మూలం. గుడ్ హోప్ అగ్రమో, కేప్ హార్నో దాటి వచ్చిన కెప్టెన్లకీ, ఓడలో సరుకు లావాదేవీలు చూసేవాళ్లకే అందులో సభ్యత్వం. వెళ్లిన చోటల్లా వింత వస్తువులు పోగేసుకొచ్చారు. 1825లో వాళ్లు కట్టుకున్న హాలు ఇప్పటికీ మ్యూజియంలో భాగమే.

అమెరికాలో మన కథ 1965 తర్వాత వచ్చిన డాక్టర్లు, ఇంజనీర్లతోనే మొదలైనట్టు మన తెలుగు సంఘాల సావనీర్లు రాస్తుంటాయి. కానీ సేలెం పాస్టరు విలియం బెంట్లీ 1790 డిసెంబరులో డైరీలో రాసుకున్నాడు, మద్రాసు మనిషిని మొదటిసారి చూశానని. బాగా నల్లటి ఒళ్లు, పొడవాటి జుట్టు, మెత్తని ముఖం, పొడగరి అని వర్ణించి, ముఖంలో ఏ భావమూ లేదని తేల్చేశాడు. పేరు రాయలేదు. గడ్డకట్టే చలిలో, ఊరుకాని ఊళ్లో, అందరూ వింతగా చూస్తుంటే ఎవరి ముఖంలో మాత్రం ఏం కనబడుతుంది! 1804లో సొసైటీ ఊరేగింపు గురించీ ఆయనే రాశాడు. సభ్యులు తలా ఒక ఇండియా వస్తువు పట్టుకుని నడిచారట, భారతీయుల్లా వేషం వేసిన నల్లజాతివాళ్లు పల్లకీ మోశారట. కెప్టెన్ల సాహసాలు చెప్పేటప్పుడు ఈ పల్లకీ సంగతి కూడా పిల్లలకి చెప్పాలి.

మ్యూజియం సేకరణలో కోరమాండల్ తీరపు అద్దకం బట్టలున్నాయి. వెలుగు తగిలితే రంగు పోతుంది కాబట్టి అన్నీ ఒకేసారి బయటపెట్టరు. మన బందరువాళ్లే లేబుల్ చదివి ముందుకు సాగిపోతారు, అది తమ తీరమేనని తట్టదు. పక్కనున్న పిల్లలకి కలంతో గీయడం, చిరివేరుతో ఎరుపెక్కించడం గురించి రెండు ముక్కలు చెప్పే పెద్దవాళ్లు లేకనా?

హెర్విట్జ్ దంపతులు సేకరించిన ఆధునిక భారతీయ చిత్రాలు ఇక్కడికే చేరాయి, ఎం.ఎఫ్. హుస్సేన్ బొమ్మలతో సహా. కానీ నన్ను కట్టిపడేసింది యిన్ యూ తాంగ్ అనే చైనా ఇల్లు. అన్హుయి రాష్ట్రంలో హువాంగ్ కుటుంబం తరతరాలుగా ఉన్న ఇల్లది. విప్పి, ఓడల్లో తెచ్చి, మళ్లీ నిలబెట్టి 2003లో తెరిచారు. 16 పడకగదులు, మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి. అచ్చం మన మండువా లోగిలే. మనూళ్లో మండువా ఇళ్లు పడగొట్టి టేకు స్తంభాలు అమ్ముకున్న మనకి ఆ ఇంట్లో నిలబడితే కాస్త సిగ్గేస్తుంది, వేయాలి కూడా.

ఏటా పిక్నిక్‌కీ, బాంక్వెట్‌కీ బడ్జెట్ పెట్టే మన తెలుగు సంఘం కార్యవర్గం ఈసారి సేలెంకి ఒక ట్రిప్ పెట్టాలని నా ప్రతిపాదన. అక్టోబరులో వద్దు, మే నెలలో. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు అప్పటికి చాలామంది ఇళ్లల్లో ఉంటారు. బోస్టన్ నార్త్ స్టేషన్ నుంచి రైల్లో అరగంట, పార్కింగ్ టెన్షన్ లేదు. కలంకారీ తెలిసిన పెద్దావిడ ఒకరు వెంట వస్తే మరీ మంచిది. మధ్యాహ్నం పులిహోర నేను తెస్తాను.