మెదడు సదస్సుల్లో వాదనకు చోటేది?

1881 ఆగస్టులో లండన్‌లో అంతర్జాతీయ వైద్య మహాసభ జరిగింది. శరీరధర్మ శాస్త్ర విభాగంలో ఇద్దరు పరిశోధకులు తమ వాదనలతో పాటు తమ జంతువులనూ తెచ్చారు. మెదడు పైపొరలో ఈ పనికి ఈ చోటు అంటూ విభజన ఏదీ లేదన్నది స్ట్రాస్‌బర్గ్ నుంచి వచ్చిన ఫ్రెడరిక్ గోల్ట్‌జ్ మాట. పైపొరలో చాలా భాగం తీసేశానని ఆయన చెప్పిన కుక్క అందరి ముందూ మామూలుగానే తిరిగింది. డేవిడ్ ఫెరియర్ చెప్పింది సరిగ్గా దీనికి ఎదురు. మెదడులో ఎడమవైపు, కదలికలను నడిపించే ప్రాంతం తీసేసిన కోతిని ఆయన చూపించారు. పక్షవాతం వచ్చిన మనిషిలా అది కుడి కాలు, కుడి చెయ్యి స్వాధీనంలో లేక నడుస్తుంటే, ఫ్రెంచి నాడీ వైద్యుడు షార్కో ‘ఇది రోగే!’ అని అరిచారట.

ఆ తర్వాత జరిగిందే అసలు విశేషం. ఇది మాటలతో తేలే విషయం కాదని అందరూ ఒప్పుకున్నారు. జంతువులను చంపి, మెదళ్లను పరిశీలించే పని ఒక నిపుణుల సంఘానికి అప్పగించారు. గోల్ట్‌జ్ కుక్కలో దెబ్బతిన్న భాగం ఆయన చెప్పినంత పెద్దది కాదని తేలింది. ఫెరియర్ కోతిలో ఆయన ఎక్కడ చెప్పారో అక్కడే దెబ్బ ఉంది. ఆనాటి ప్రదర్శనను నేటి నైతిక ప్రమాణాలతో సమర్థించలేం. అప్పట్లోనే జంతుహింస చట్టం కింద ఫెరియర్‌ను కోర్టుకు ఈడ్చారు. శస్త్రచికిత్స చేసింది అనుమతి ఉన్న సహచరుడని తేలడంతో కేసు నిలవలేదు. అయినా ఒక సభలో ఎదురెదురు వాదనలు వినిపించడం, ఆధారాన్ని మూడో మనిషి చేతికి ఇవ్వడం, ఫలితానికి కట్టుబడటం అన్న పద్ధతి మాత్రం గమనించదగ్గది. 1884 నవంబరులో లండన్‌లోనే రిక్‌మన్ గాడ్లీ అనే శస్త్రవైద్యుడు ఒక రోగి మెదడులోని కణితిని తొలగించారు. లోపలికి చూసే యంత్రాలేవీ లేని కాలంలో, లక్షణాలను బట్టే దాని చోటును అంచనా కట్టారు. పనికో చోటు ఉందన్న నమ్మకం కుదరకపోతే పుర్రె తెరిచే ధైర్యం ఎవరికి వస్తుంది?

1889లో బెర్లిన్‌లో జరిగిన జర్మన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్తల సమావేశానిదీ ఇదే కోవ. నాడీకణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన వల కాదని, దేనికది విడి కణమని స్పెయిన్‌లో శాంటియాగో రమోన్ ఇ కహాల్ అప్పటికే రాస్తున్నారు. సొంత డబ్బుతో పత్రిక అచ్చు వేయించి ఐరోపా పండితులకు పంపారు కానీ, స్పానిష్‌లో ఉన్న దాన్ని చదివినవారు బహు తక్కువ. చివరికి స్లైడ్లు పెట్టెలో సర్దుకుని తానే బెర్లిన్ వెళ్లారు. వచ్చీరాని ఫ్రెంచిలో మాట్లాడుతూ, పెద్దలను ఒక్కొక్కరినే సూక్ష్మదర్శిని దగ్గరికి పిలిచి చూపించారు. అప్పటికే డెబ్బై దాటిన ఆల్బర్ట్ ఫాన్ కోలికర్ ఆ స్లైడ్లు చూశారు, తర్వాత తానూ ఆ పద్ధతిలో చేసి చూశారు, తన పాత అభిప్రాయాన్ని వదులుకున్నారు. కహాల్ రచనల కోసం ఆ వయసులో స్పానిష్ కూడా నేర్చుకున్నారు.

నాడీ శాస్త్ర సదస్సులు అవసరమా, డబ్బు దండగా అన్న చర్చ తరచూ వింటుంటాం. ఈ రెండు ఉదాహరణలు ఆ ప్రశ్ననే కాస్త మారుస్తాయి. ఎదుటివాడు ఆధారాన్ని కళ్లారా చూసి, అడ్డు ప్రశ్న వేసి, అవసరమైతే తన మాట మార్చుకునే వీలు ఇచ్చినంత వరకే సదస్సుకు విలువ. ఆ వీలు ఇప్పుడు కుంచించుకుపోతోందని నా అభిప్రాయం. హాళ్లు పెద్దవయ్యాయి, తెరలు పెద్దవయ్యాయి, ప్రశ్నలకు మిగిలే సమయం మాత్రం చిన్నదైంది.

ప్రశ్న లేని సభ ఎంత ప్రమాదకరమో చెప్పడానికి 1935 చాలు. ఆ వేసవిలో లండన్‌లో రెండో అంతర్జాతీయ నాడీ వైద్య మహాసభ జరిగింది. మెదడు ముందుభాగాన్ని తొలగించిన రెండు చింపాంజీల గురించి యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ ఫుల్టన్, కార్లైల్ జేకబ్‌సన్ అక్కడ వివరించారు. పరీక్షలో తప్పు చేసినప్పుడల్లా అల్లరి చేసే బెకీ, ఆపరేషన్ తర్వాత నిశ్చింతగా మారిపోయింది. రెండోదైన లూసీ అంతకుముందు శాంతంగానే ఉండేది. ఆపరేషన్ తర్వాత దాని ప్రవర్తన దాదాపు ఎదురు దిశలో మారింది. శ్రోతల్లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ ఉన్నారు. మనుషుల ఆందోళనను కూడా ఇలా తగ్గించవచ్చు కదా అని ఆయన లేచి అడిగారని ఫుల్టన్ తర్వాతి కాలంలో చెప్పారు. తన ఆలోచన అంతకు ముందునుంచే ఉందని మోనిజ్ చెప్పుకున్నారు. ఎవరి మాట నిజమైనా, ఆ నవంబరు 12న లిస్బన్‌లో మనిషి మెదడు ముందుభాగంపై ఆయన తొలి శస్త్రచికిత్స జరిగిపోయింది. ఏడాది తిరగకుండానే అది అమెరికా చేరింది. 1949లో మోనిజ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పద్ధతి వేలాది మంది రోగుల వ్యక్తిత్వాన్ని శాశ్వతంగా దెబ్బతీసింది.

ఆ సభలో బెకీ కథ అందరికీ గుర్తుండిపోయింది, లూసీ కథ మరుగున పడింది. ఉన్నవి రెండే జంతువులు, ఫలితాలేమో రెండు రకాలు. ‘రెండోదాని సంగతేమిటి?’ అని పట్టుబట్టి అడిగి, జవాబు వచ్చేదాకా విషయాన్ని వదలని ఏర్పాటు ఏదీ అక్కడ లేదు. 1881కీ 1935కీ తేడా అదే.

ఇక మన కాలానికి వద్దాం. 1969లో ఏర్పడిన సొసైటీ ఫర్ న్యూరోసైన్స్ 1971లో వాషింగ్టన్‌లో తొలి వార్షిక సమావేశం పెట్టినప్పుడు వచ్చినవారు సుమారు 1,400 మంది. 2005 నాటికి ఆ సంఖ్య 35,000 దరిదాపులకు చేరింది. తర్వాత తగ్గినా, నేటికీ 20,000 పైమాటే. పరిశోధనను ఒక పెద్ద కాగితం మీద వివరించి గోడకు పెట్టే పోస్టర్లే వేలల్లో ఉంటాయి. నిద్ర మీద పనిచేసేవారు నిద్ర వరుసల్లో, నొప్పి మీద పనిచేసేవారు నొప్పి వరుసల్లో తిరిగి వెళ్లిపోతారు. ఇంతమంది ఒకే కప్పు కింద చేరినా, తమతో ఏకీభవించని మనిషి ఎదురుపడే అవకాశం పెరగలేదు సరికదా, తగ్గింది.

అయినా పోస్టరును తక్కువ చేయను. నా దృష్టిలో ఈ సభలన్నింటిలో నిజాయతీ ఎక్కువగా మిగిలింది అక్కడే. ఒక పెద్ద కాగితం, దాని పక్కన ఆ పని చేసిన మనిషి, ఎదురుగా నిలబడి ‘ఈ గీత ఎలా వచ్చింది?’ అని అడిగే మరో మనిషి. 2009లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన మానవ మెదడు చిత్రణ సదస్సులో క్రెయిగ్ బెనెట్ బృందం పెట్టిన పోస్టరునే తీసుకోండి. వాళ్లు చచ్చిన సాల్మన్ చేపను ఎంఆర్ఐ యంత్రంలో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించి, ఆ మనుషుల మనసులో ఏముందో చెప్పమని ‘అడిగారు’. స్కాన్‌లో చేప మెదడులోని కొన్ని బిందువులు వెలిగాయి! వేలాది బిందువులను ఒకేసారి పరీక్షించేటప్పుడు కొన్ని యాదృచ్ఛికంగానే వెలుగుతాయి. దానికి తగ్గ గణాంక సవరణ చేస్తే ఆ వెలుగులన్నీ మాయమయ్యాయి. ఆ సవరణ చేయకుండానే ఎన్నో పరిశోధనలు అచ్చవుతున్న కాలమది. పేరున్న జర్నళ్లు ఆ పనిని వెంటనే నెత్తిన పెట్టుకోలేదు. గోడమీద పోస్టరుగా మాత్రం అది కలకలం రేపింది. నవ్విస్తూనే ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ కూడా 2012లో వచ్చింది. నవ్వించిన ఆ పోస్టరు, ఎన్నో గంభీర ప్రసంగాల కంటే ఎక్కువగా ఆ రంగాన్ని దిద్దింది.

పోస్టర్లకూ ఒక చీకటి కోణం ఉంది. వైద్య, జీవ శాస్త్రాల సదస్సుల్లో సమర్పించిన మూడు లక్షలకు పైగా సారాంశాలను పరిశీలించి, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2018లో ఒక సమీక్ష ప్రచురించింది. వాటిలో పూర్తి వ్యాసంగా వెలుగు చూసినవి సుమారు 37 శాతమే. ఆశించిన ఫలితం వచ్చినవి అచ్చయ్యే అవకాశం ఎక్కువ, రానివి సదస్సు గోడ మీదే ఆగిపోయే అవకాశం ఎక్కువ. పని చేయని ప్రయోగం గురించి తెలుసుకోవాలంటే ఆ రోజు ఆ వరుసలో నిలబడి ఉండాల్సిందే అన్నమాట. వెళ్లలేనివాళ్లు అదే ప్రయోగాన్ని మళ్లీ చేసి, మళ్లీ విఫలమవుతారు.

అన్నిటికంటే ఆందోళన కలిగించేది అల్జీమర్స్ మందుల వ్యవహారం. అడుకానుమాబ్ అనే మందు మీద ఒకే తీరున నడిచిన రెండు పెద్ద పరీక్షలను ఫలితం రాదని 2019 మార్చిలో ఆపేశారు. అదే ఏడాది అక్టోబరులో, మందు పనిచేస్తోందంటూ కంపెనీ మాట మార్చింది. డిసెంబరులో శాన్‌డియేగోలో జరిగిన అల్జీమర్స్ ఔషధ పరీక్షల సదస్సులో వివరాలు బయటపెట్టింది. ఒక పరీక్షలో ఎక్కువ మోతాదుకు ఫలితం కనిపించింది, రెండోదానిలో కనిపించలేదు. బెకీ, లూసీ గుర్తుకు రావడం లేదూ? అసలైన వాదన జరిగింది సదస్సులో కాదు. 2020 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు చెందిన సలహా సంఘం ముందు జరిగింది. ఆ సంస్థ సొంత గణాంక నిపుణుడే వ్యతిరేకంగా సమీక్ష రాశారు, సంఘం దాదాపు ఏకగ్రీవంగా కాదంది. అయినా 2021 జూన్‌లో అనుమతి వచ్చింది. సంఘంలో ముగ్గురు రాజీనామా చేశారు. 2024 జనవరిలో ఆ మందును వదిలేస్తున్నట్టు కంపెనీయే ప్రకటించింది.

లెకానెమాబ్ అనే మరో అల్జీమర్స్ మందు కథ ఇంతకంటే మెరుగే. దాదాపు 1,800 మందిపై 18 నెలలు జరిగిన ఆ పరీక్షలో క్షీణత 27 శాతం నెమ్మదించింది. జబ్బు తీవ్రతను కొలిచే 18 పాయింట్ల కొలమానం మీద ఆ తేడా 0.45. ఏ అంకెను ముందు చెబుతారన్న దాన్ని బట్టి వినేవాడి అభిప్రాయం మారిపోతుంది. పత్రికా ప్రకటన 2022 సెప్టెంబరులోనే వచ్చింది, షేర్ల ధరలు అప్పుడే కదిలాయి. శాస్త్రవేత్తలు పూర్తి వివరాలు చూసింది నవంబరు చివర శాన్‌ఫ్రాన్సిస్కో సదస్సులో. మార్కెట్ తీర్పు చెప్పేశాక శాస్త్రవేత్త అడిగే ప్రశ్నకు బరువెంత ఉంటుంది?

ఇలాంటి రద్దీకి విరుగుడు చిన్న సమావేశమేనని చాలామంది అంటారు. కొంతవరకు నిజమే. 1931లో మొదలైన గోర్డన్ పరిశోధన సదస్సుల్లో హాజరు వందల్లోనే ఉంటుంది. అక్కడ విన్నది బయట ఉటంకించకూడదు, తెరను ఫొటో తీయకూడదు. ఉదయం, రాత్రి సెషన్లు, మధ్యాహ్నం ఖాళీ. ఇంకా అచ్చుకాని, సగం తేలిన పనిని ధైర్యంగా బయటపెట్టడానికి ఆ గోప్యత ఉపయోగపడుతుంది. పెద్ద ఆలోచనలకు పురుడు పోసేవీ ఇలాంటి చోట్లే. 2013లో అమెరికా ప్రకటించిన బ్రెయిన్ ఇనిషియేటివ్ అనే మెదడు పరిశోధన పథకం మూలాలు, 2011 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని చిచెలీ హాల్‌లో నాడీ శాస్త్రవేత్తలూ నానో సాంకేతిక నిపుణులూ కలిసిన ఒక చిన్న సమావేశంలో ఉన్నాయి. కానీ చిన్న గదికి తలుపూ చిన్నదే. ఎవరిని పిలవాలన్నది లోపల ఉన్నవారే నిర్ణయిస్తే, ఒకే గురువు శిష్యులు ఒకరినొకరు మెచ్చుకుని ఇంటికి వెళ్లే ప్రమాదం ఉంది. అందుకే పరిమాణాన్ని తగ్గిస్తే చాలనుకోవడం పొరపాటు. అభిప్రాయ భేదాన్ని కార్యక్రమ పట్టికలోనే చేర్చాలి.

అలాంటి ప్రయత్నం ఒకటి చైతన్య పరిశోధనలో జరిగింది. చైతన్యానికి మెదడులో ఆధారమేమిటో 25 ఏళ్లలో తేలిపోతుందని 1998లో బ్రెమెన్ సదస్సులో నాడీ శాస్త్రవేత్త క్రిస్టాఫ్ కోఖ్ పందెం కాశారు, తేలదని తత్త్వవేత్త డేవిడ్ చామర్స్ అన్నారు. 2023 జూన్‌లో న్యూయార్క్‌లో కోఖ్ ఓటమి ఒప్పుకుని వైన్ సీసాలు ఇచ్చుకున్నారు. పత్రికలు ఆ సీసాల గురించే రాశాయి. నాకు మాత్రం అదే సభలో వెల్లడైన మరో పని ముఖ్యంగా తోస్తుంది. రెండు ప్రత్యర్థి సిద్ధాంతాల వాళ్లు ముందే కూర్చుని, ఏ ఫలితం వస్తే ఎవరి అంచనా తప్పినట్టో రాసుకున్నారు. ప్రయోగాలు చేసిన ప్రయోగశాలలు ఏ పక్షానివీ కావు. రెండు సిద్ధాంతాలకూ కొన్ని అంచనాలు నెరవేరాయి, కొన్ని కీలకమైనవి తప్పాయి. తర్వాత సెప్టెంబరులో వందమందికి పైగా పరిశోధకులు అందులో ఒక సిద్ధాంతాన్ని కుహనా శాస్త్రమంటూ లేఖ రాశారు. రచ్చ జరిగింది, నిజమే. అయినా మర్యాదగా చప్పట్లు కొట్టి భోజనానికి వెళ్లిపోయే సభ కంటే ఈ రచ్చే శాస్త్రానికి దగ్గర.

2020లో కరోనా వల్ల పెద్ద సమావేశాలు రద్దయినప్పుడు న్యూరోమ్యాచ్ వంటి ఆన్‌లైన్ సదస్సులు పుట్టుకొచ్చాయి. వీసా, విమాన ఛార్జీ, రిజిస్ట్రేషన్ రుసుము అనే మూడు గోడలు ఒక్కసారిగా కూలాయి. మామూలు రోజులు రాగానే ఆ గోడలు మళ్లీ లేచాయి. తెర మీద పోస్టరు దగ్గర జరిగే సంభాషణ కుదరదన్న మాట నిజమే, కానీ ప్రసంగాలకు ఆ సాకు చెల్లదు. ప్రసంగాన్ని వారం ముందే అందరికీ అందుబాటులో పెట్టి, హాల్లో గంటంతా ప్రశ్నలకే వదిలితే తప్పేముంది? పెద్ద ఔషధ పరీక్ష ఫలితాలు చెప్పే సెషన్‌లో, కంపెనీతో సంబంధం లేని గణాంక నిపుణుడికి ముందుగానే అంకెలు ఇచ్చి, వక్తతో సమానంగా సమయం ఇవ్వడం నిర్వాహకులకు అసాధ్యమేమీ కాదు. కంపెనీలు ఒప్పుకోవంటారా? సదస్సు వేదిక వాళ్లకూ అవసరమే కదా.

మైకు ఎవరి చేతికి వెళుతుందన్నది కూడా చూడాలి. 10 దేశాల్లో దాదాపు 250 విభాగ సెమినార్లను గమనించిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. స్త్రీలు ప్రశ్న అడిగే అవకాశం పురుషుల కంటే బాగా తక్కువని, మొదటి ప్రశ్న పురుషుడు అడిగితే ఆ తేడా మరింత పెరుగుతుందని అందులో తేలింది. సభాధ్యక్షులు మొదటి ప్రశ్నకు ముందు వరుసలోని ప్రొఫెసర్‌ను కాకుండా, వెనక వరుసలో చెయ్యెత్తిన పరిశోధక విద్యార్థినిని పిలిస్తే అదనపు ఖర్చేమీ కాదు. వచ్చే సదస్సు నుంచే ఇది మొదలుపెట్టవచ్చు.